కార్చిచ్చు: ఆర్పవలసినవాడెవడు, అంటింపదగినవాడెవడు



మా ఊరిపేరు అడవులదీవి. పేరునందు అడవియు కలదు, దీవియు కలదు. కాని మా అడవి మడ అడవి. దినమునకు రెండుమారులు సముద్రపు పోటునీరు కాలువలవెంట వచ్చి దాని మొదళ్ళను కడిగి పోవును. ఆ బురదలో నిప్పుపుల్ల గీచి పారవైచినను చుయ్యిమని ఆరిపోవునే గాని అంటుకొనదు. అట్టి చోటివాడు కార్చిచ్చును గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని మాకును అగ్నిభయము తెలియును. 1977 నవంబరు 19వ తేదీనాటి పెనుతుపాను పిమ్మట గాలికి అడ్డుగా తీరమున పెంచిన సరుగుడు తోటలక్రింద వేసవినాటికి ఎండురాలు మోకాలిమేర పరుపుగా పడియుండును. తాటాకు ఇండ్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

నేను చిన్న తరగతులు చదువుకొనుచుండగా మా ప్రాంతమున ఒక పాలెములో చూచిన సంగతి మొదట మనవిచేసెదను. వైశాఖమాసము, మిట్టమధ్యాహ్నము, పడమటిగాలి. ఒక వంటపాకనుండి నిప్పురవ్వ లేచి కప్పునంటెను. క్షణములో మూడిండ్లు మండినవి. జనులు చెరువునుండి కడవలతో వరుసకట్టిరి గాని చెరువు దూరము, మంట దగ్గర. అప్పుడొక వృద్ధుడు నాలుగవ ఇంటిని విడిచి ఐదవ ఇంటివైపు పరుగెత్తి, “ఒరే అబ్బాయిలూ, ఆ కప్పు లాగెయ్యండిరా! నీళ్ళు మానండి, కప్పు లాగండి!” అని కేకవైచెను. ఆ ఇల్లింకను అంటుకొనలేదు. పదిమంది కుఱ్ఱవాండ్రు కొక్కెములు తగిల్చి కప్పును నేలకు దించిరి. నాలుగవ ఇల్లు కాలినది. ఐదవదానియొద్ద మంటకు తిండి దొరకక ఆగినది. ఆవల ముప్పదియిండ్లు దక్కినవి.

సాయంకాలమున ఐదవ ఇంటి యజమానుడు వచ్చి ఆ వృద్ధుని ఎదుట నిలిచి, “నా ఇల్లు కాలలేదు గదా బాబాయ్, నువ్వెవరవు నా కప్పు పీకించడానికి?” అని అడిగెను. ఆ వృద్ధుడు మునసబు కాడు, కరణము కాడు. అతడు మారుపలుకలేదు. చుట్టునున్నవారును పలుకలేదు. ఆ ప్రశ్న అప్పుడు నాకు కృతఘ్నుని మాటవలె తోచినది. అరువది దాటిన పిమ్మట అది న్యాయమైన ప్రశ్నయేనని తోచుచున్నది. నిప్పు లేచినప్పుడు ఆజ్ఞ యెవనిది? ఆర్పుటకు రావలసినవాడెవడు? రానివానికి దండనమేమి? వచ్చినవానికి నష్టము కలిగినచో తీర్చువాడెవడు? నేటి ప్రసంగమునకు విషయమిదియే. పల్లెయింటి నిప్పుకంటె అడవి నిప్పునందు ఈ ప్రశ్నలు మరింత తీవ్రముగా వచ్చును గావున అక్కడికే పోవుదము.

ఈ విషయమున మనదేశమున మనకు దొరకు ప్రాచీన శాసనములలో ఒకటి కౌటిల్యుని అర్థశాస్త్రమునందలిది. వేసవిలో గ్రామవాసులు ఇంటివెలుపల వంట చేసికొనవలెనని ఆయన విధించెను. పట్టణమునందు మధ్యాహ్నవేళ నిప్పు రాజవేయుట నిషిద్ధము. వీథులలో నీటికుండలు వరుసగా నుంచవలెను. ఇల్లంటుకొన్నప్పుడు ఆర్పుటకు పరుగెత్తని ఇంటి యజమానునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండనము. అజాగ్రత్తవలన నిప్పు పుట్టించినవానికి 54 పణములు. బుద్ధిపూర్వకముగా అంటించినవానికి మరణమే. పచ్చికబీళ్ళను, కళ్ళములను, కలపయడవులను, ఏనుగులయడవులను కాల్చినవానికిని అదే శిక్ష. యజమానునకు పండ్రెండు, అద్దెవానికి ఆరు అనుటలో గొప్ప వివేకము కలదు. ఎవనికెంత లాభమో వానికంత బాధ్యత. కాని మీరొక సంగతి గమనింపుడు. రానివానికి పణములెన్నో చెప్పిన శాస్త్రకారుడు వచ్చి చేతులు కాల్చుకొన్నవానికి ఏమీయవలెనో ఆ చోట చెప్పలేదు. ఈ లోపము ఆయనతో పోలేదు.

ఖాండవదహనకథ మీరందరును ఎరుగుదురు. అగ్నిహోత్రుడు ఆకలిగొని వచ్చి అడిగెను, కృష్ణార్జునులు కాచి కాల్పించిరి, అడవిలోని ప్రాణులు తప్పించుకొనుటకు త్రోవలేక మడిసినవి. పురాణము చెప్పునప్పుడు మనము అర్జునునకు దొరకిన గాండీవముమీద దృష్టి నిలుపుదుము. నా గురువుగారు మాత్రము ఆ ఘట్టము పాఠము చెప్పునప్పుడెల్ల, “అడవి కాల్చుటకు అనుజ్ఞ యిచ్చినవారెవరు, అడవిలోనున్నవారిని అడిగినవారెవరు?” అని ప్రశ్నించెడివారు. మేము నవ్వెడివారము. నల్లమల చరిత్ర చదివిన పిమ్మట నాకా నవ్వు పోయినది.

ఇక ఇంగ్లీషువారి కాలమునకు వత్తము. అంతకుపూర్వము మన కొండలయందును మెట్టయడవులయందును నిప్పు పెట్టుట ఇంటిపని, పొలముపనివంటిదే. మన్యములో పోడుకొరకు చెట్లు నరికి ఎండినపిదప కాల్చి ఆ బూడిదలో విత్తుట పరిపాటి. ఇప్పచెట్లక్రింద పూవు ఏరుకొనుటకు ఎండుటాకు కాల్చెదరు. బీడియాకు చిగుర్చుటకు కాల్చెదరు. పసుల కాపరులు పాతగడ్డి పోయి కొత్తపచ్చిక వచ్చుటకు కాల్చెదరు. ఇది యెల్లవేళల మంచిదే యని నేననను. గాలి యెఱుగక పెట్టిన నిప్పు కోసులకొలది పోయినదియు కలదు. కాని నిప్పు పెట్టుటకొక వేళ, చూచుటకొక పెద్ద, ఆపుటకొక హద్దు అక్కడి జనులకు తెలిసియుండినవి.

1864లో ఇండియా దేశపు అడవులకెల్ల పెద్దయధికారిగా నియుక్తుడైన బ్రాండిసు దొర జర్మనీదేశస్థుడు. అడవిని సర్కారు ఆస్తిగా నెంచి లెక్కప్రకారము పెంచి కొట్టవలెనను శాస్త్రము ఆయనతో వచ్చినది. ఆ 1860లలోనే మధ్యపరగణాలలోని బోరీ అడవులను పియర్సను అను దొర నిప్పునుండి పూర్తిగా కాపాడి చూపెను. అది చూచి ప్రతి రాష్ట్రమునను అట్లే చేయవలెనని తలచిరి. 1878లో ఇండియా అడవిచట్టము వచ్చినది. మన మదరాసువారు దానిని తమకు వర్తింపజేసికొనక కొంతకాలము పెనగులాడి, 1882లో తమ చట్టము తాము చేసికొనిరి. మన కోస్తాజిల్లాలకును, కర్నూలు నల్లమలకును, గోదావరి మన్యమునకును వర్తించినది ఈ 1882నాటి మదరాసు అడవిచట్టమే.

ఆ చట్టము ప్రకారము రిజర్వు అడవికి నిప్పుపెట్టుట నేరము. అడవికి అపాయము కలుగునట్లు ఎక్కడనైనను నిప్పు రాజవేసి విడిచిపోవుటయు నేరమే. అంతేకాదు. జిల్లా ఫారెస్టు అధికారి ప్రకటించిన కాలమునందు, ప్రకటించిన రీతిని దప్ప అడవిలో నిప్పు చేతబట్టుకొని పోవుటకూడ నేరమే. చీకటిలో దివిటీ పట్టినవాడును నేరస్థుడే యగును. ఒక్క వాక్యముతో వేలయేండ్లుగా జనుల చేతిలోనుండిన దివిటీ అధికారి చేతిలోనికి పోయినది.

అంటించు హక్కు పోయిన పిమ్మట ఆర్పు బాధ్యత పోవలయును గదా? పోలేదు. 1878 చట్టమునందును, దానిస్థానమున వచ్చిన 1927నాటి చట్టమునందును ఒక విధి కలదు. 1927 చట్టమున అది 79వ సెక్షను. అడవిలో పసుల మేపుకొను హక్కుగాని, కట్టె, ఆకు తెచ్చుకొను అనుమతిగాని కలవాడు, వాని కూలివాడు, అడవినంటియున్న గ్రామములో సర్కారుజీతమో గ్రామసేవకు సర్కారు ఇచ్చు ప్రతిఫలమో పుచ్చుకొనువాడు — వీరందరును నిప్పు సంగతి తెలిసిన వెంటనే దగ్గరి అధికారికి తెలుపవలెను. అధికారి కోరినను కోరకున్నను తాము చేయగలిగినంత చేసి ఆర్పవలెను. చేయనివానికి ఒక నెలవరకు ఖైదు, లేదా 200 రూపాయలవరకు జుల్మానా, లేదా రెండును. కౌటిల్యుని పండ్రెండు పణములే ఈ దొరల పుస్తకమునందు రెండువందల రూపాయలై తిరిగి వచ్చినవి. వచ్చి ఆర్పినవానికి కూలియెంత, గాయపడినచో దిక్కెవరు, అక్కడ ముందు నడుచువాడెవడు అనుమాట ఆ సెక్షనులో కానరాదు.

ఇంకొక విధియు కలదు. ఎవడో బుద్ధిపూర్వకముగానో మహాజాగ్రత్తలేమివలననో రిజర్వులో నిప్పు పుట్టించినచో, వాడు దొరకి శిక్షింపబడినను సరే, ఆ అడవిభాగమున మేపును, కట్టెను తెచ్చుకొను హక్కులన్నియు కొంతకాలము ప్రభుత్వము నిలుపుచేయవచ్చును. ఒక్కని తప్పునకు ఊరిపసులు పస్తుండవలసినదే. గ్రామస్థులే ఒకరినొకరు కనిపెట్టియుందురని ఆ విధికర్తల తలంపు. ఆ తలంపు కొంత ఫలించినమాట నిజమే. కాని భయముతో కనిపెట్టుట వేరు, ప్రేమతో కాచుట వేరు.

ఇంతకును అడవిలో నిప్పు నార్పుట యెట్లు? మనకు నీరు తోచును. కొండమీద నీరెక్కడిది? అడవిశాఖవారు మొదట చేసినది అగ్నిరేఖలు, వారి వాడుకలో ఫైరులైనులు. చలికాలము వెడలుచుండగా అడవి నడుమ వెడల్పైన బాటగా గడ్డి కోసి ఎండనిచ్చి, మంచు పూర్తిగా విడువకముందే ఇరుప్రక్కల మనుష్యులను నిలిపి ఆ గడ్డిని కాల్చివేయుదురు. వేసవిలో ఏ దిక్కునుండి మంట వచ్చినను ఆ బోడిబాటయొద్ద ఆగునని ఆశ. చూచితిరా వింత! నిప్పునుండి కాపాడుటకు మొదట నిప్పే పెట్టవలసివచ్చినది. మంట లేచినపిదప పచ్చికొమ్మలతో అంచులను కొట్టి నలుపుట ఒక పద్ధతి. అది చిన్నమంటకు చాలును. మంట పెద్దదైనచో ఎదురునిప్పు పెట్టవలసినదే. వచ్చుచున్న మంటకు కొంతదూరమున ఒక రేఖనుండి మరొక మంటను దానివైపు నడిపినచో, రెండును కలిసినచోట కాలుటకేమియు లేక రెండును చచ్చును.

ఈ ఎదురునిప్పు మా పాలెములోని ఐదవ ఇంటి కప్పువంటిది. ఇంకను కాలని అడవిని తానే కాల్చుమని ఒకడు చెప్పవలెను. గాలి తిరిగినచో ఆర్పవచ్చినవారే నడుమ చిక్కుకొందురు. ఆ మాట చెప్పగలవాడు గాలిని, లోయను, గడ్డి తడిని ఎరిగినవాడై యుండవలెను. చట్టపు పుస్తకములో వానిపేరు రేంజరు. అడవిలో వానిపేరు చాలమార్లు చెంచు.

నల్లమలలో చెంచులవంటి వన్యవేత్తలు వేరొకరు లేరు. అడవిశాఖవారు ఒకచేతితో వారిమీద నిప్పుపెట్టుదురని నేరము మోపుచునే, మరొకచేతితో వేసవియందు నిప్పు కనిపెట్టు వాచర్లుగా వారినే కొలువునకు తీసికొనిరి. మంట యెటు పోవునో ముందుగా చెప్పగలవాడు చెంచే. గట్టుమీద నిలిచి పొగరంగు చూచి కాలుచున్నది గడ్డియో వెదురో చెప్పగలవాడును చెంచే. 1983లో పులుల రక్షితారణ్యముగా ప్రకటింపబడిన నాగార్జునసాగర్ శ్రీశైలము అడవులయందు నేటికిని వేసవి కావలికి, పులికావలికి చెంచు యువకులే ఆధారము. తాతకు నిషేధింపబడిన విద్యనే మనుమనికి దినకూలిగా ఇచ్చుట చరిత్ర చేసిన చమత్కారము.

దొరలలోనే ఈ నిషేధమును శంకించినవారు లేకపోలేదు. మన కోస్తాజిల్లాలనుండి కూలికి పోయిన వేలమంది రంగమని పిలుచుకొన్న రంగూను వెనుకటి బర్మాయడవులలో టేకు ప్రధానము. అక్కడ ఏండ్లతరబడి నిప్పును దూరముంచగా నీడలో వెదురును తుప్పలును పెరిగి టేకు మొలకలు మూయబడినవి. 1896లో స్లేడు అను అధికారి, బర్మాలో నిప్పునుండి కాపుదల మితిమీరినదని తమశాఖ పత్రికలోనే బాహాటముగా వ్రాసెను. పెద్దలు మొదట కోపించిరి, పిదప యోచించిరి. బంగాళము, అస్సాము వైపు సాలుచెట్ల అడవులలోను ఇట్లే జరిగినది. కాచి కాచి చూచిన చోట పిల్లచెట్టు లేదు. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలో శాఖవారే మరల నిప్పు పట్టుకొని, కాలము చూచి, హద్దు పెట్టి కాల్చుట ఆరంభించిరి. అనగా పల్లెవాని ఆచారము శాస్త్రమైనది. శాస్త్రమైనను పల్లెవానికి తిరిగి రాలేదు. అధికారి కాల్చినచో వనసంరక్షణము, గొల్లవాడు కాల్చినచో నేరము.

ఈ అన్యాయమును జనులెట్లు సహించిరని మీరడుగవచ్చును. కొన్నిచోట్ల సహింపలేదు. మన్యములో 1879–80 రంపపితూరీకి కల్లుపన్ను మొదలుగా పెక్కు కారణములున్నవి. 1922–24లో అల్లూరి సీతారామరాజుగారి వెనుక మన్యమువారు నిలుచుటకు పోడుమీది ఆంక్షలును వెట్టిచాకిరియు ముఖ్యకారణములు. మనకు ఇంకను దగ్గరిది పలనాడు. 1921లో అక్కడి జనులు పుల్లరి కట్టమనిరి. పుల్లరి అనగా అడవిలో పసుల మేతకు చెల్లించు పన్నని మీకు చెప్పనేల. వచ్చిన అధికారులకు ఊళ్ళలో సాయము చేయువారు లేకపోయిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడునొద్ద కన్నెగంటి హనుమంతుగారు కాల్పులకు గురియై ప్రాణములు విడిచిరి.

అదే 1921లో హిమాలయప్రాంతమున కుమావునులో జరిగినది మన విషయమునకు నేరుగా తగులును. ఆ వేసవిలో జనులు సర్కారు దేవదారు, చీడుచెట్ల అడవులకు బుద్ధిపూర్వకముగా నిప్పుపెట్టిరి. ఆర్పుటకు రండని పిలిచినచో రాలేదు. రావలసినవారని చట్టము వ్రాసియున్నది, దండనమును వ్రాసియున్నది. ఐనను కొండమీదికి మనిషి కదలలేదు. ప్రభుత్వమువారు జనుల ఫిర్యాదులు వినుటకొక సంఘము వేసిరి. దాని ఫలితముగా 1931 నాటికి అక్కడ వనపంచాయతీలు ఏర్పడినవి, కొంత అడవి ఊరివారి ఏలుబడిలోనికి వచ్చినది. మన మదరాసునందును 1913నాటి అటవీసంఘపు సిఫారసుపై అడవి పంచాయతీలు పెట్టి చూచిరి. ఊరి అడవిని ఊరే కాచుకొనుట అందలి సూత్రము. అవి నిలిచినచోట నిలిచినవి, చాలచోట్ల వాడినవి. వాటి కథ వేరుగా చెప్పదగినది.

స్వరాజ్యము వచ్చిన పిదప చట్టముల పేర్లు మారినవి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము వచ్చి, కోస్తా రాయలసీమలలోని మదరాసు చట్టమును, తెలంగాణములోని నిజాముకాలపు చట్టమును ఒకటి చేసినది. రిజర్వులో నిప్పుపెట్టుట అప్పుడును నేరమే. తరువాత 1984లో మన రాష్ట్రమున కరణము మునసబుల వంశపారంపర్యోద్యోగములు రద్దైనవి. అందులో మేలెంత కీడెంత అను తర్కములోనికి నేను దిగను. మా ఊరనే దానిపై రెండు పక్షములు కలవు. కాని ఒక్క సంగతి చూడుడు. సర్కారు ప్రతిఫలము పుచ్చుకొను గ్రామసేవకుడు అనునపుడు పాత చట్టమువారి తలపులోనున్నది ఆ మునసబు, ఆ తలారి, ఆ వెట్టివాడు. అర్ధరాత్రి దప్పు మ్రోగించి ఊరిని లేపువాడు తలారి. ఆ మనుష్యులు పోయిరి. చట్టములోని వాక్యమున్నది, దప్పు మ్రోగించు చేయి లేదు. 1992 నుండి మన రాష్ట్రమున ఏర్పడిన వనసంరక్షణ సమితులు ఆ చేయిగా ఉండవలసినవి. సమితి పనిచేసిన ఊళ్ళలో వేసవికి ముందు గడ్డి కోసి రేఖలు తీర్చుటయు, పొగ కనబడినంతనే పదిమంది కదలుటయు జరిగినవి. అడవినుండి వచ్చు ఫలములో భాగము కలదని నమ్మినంతకాలము జనులు వచ్చిరి. నమ్మిక సడలినచోట సమితి కాగితములలో మిగిలినది. 2006నాటి అటవీహక్కుల చట్టము అడవిని కాపాడు అధికారమును గ్రామసభకే ఇచ్చుచున్నది. కాని గ్రామసభ తానుగా నిప్పు పెట్టించి గడ్డి కాల్పించవచ్చునా అనుచోట పాత నిషేధము అడ్డుగోడవలె నిలిచియే యున్నది.

నేడు నిప్పు కనిపెట్టుటకు తలారి అక్కరలేదందురు. డెహరాడూనులోని అటవీ సర్వేసంస్థవారు 2004 నుండి ఉపగ్రహముల సాయమున అడవిలో వేడి పుట్టినచోటును గుర్తించి రాష్ట్రములకు వర్తమానము పంపుచున్నారు. నేడది చేతిఫోనులోనికే వచ్చును. ఆకాశమునుండి చూచి చెప్పువాడు దొరకినాడు. నేలమీద పోయి ఆర్పువాడు మాత్రము మునుపటివాడే. కాలికి తోలుచెప్పు, చేతిలో పచ్చికొమ్మ.

వానికి ఏమగుచున్నది? 2020 ఫిబ్రవరిలో కేరళమున త్రిశూరు జిల్లా కొట్టంబత్తూరువద్ద తోటయడవిలో నిప్పార్పబోయిన ముగ్గురు వాచర్లు మంటలనడుమ చిక్కి మరణించిరి. 2024 జూన్ 13న కుమావునులోనే బిన్సరు రక్షితారణ్యమున నిప్పార్పబోయిన నలుగురు సిబ్బంది అక్కడికక్కడే దగ్ధులైరి. ఇట్టివారిలో పెక్కుమంది పెద్దయుద్యోగులు కారు, వేసవికి మాత్రము కుదుర్చుకొన్న కూలివారు. 2018లో మన కేంద్ర అటవీమంత్రిత్వశాఖయు ప్రపంచబ్యాంకును కలిసి వెలువరించిన నివేదికయందు క్షేత్రసిబ్బంది చాలరనియు, పనిముట్లు చాలవనియు, ఊరివారిని కలుపుకొననిదే ఈ పని సాగదనియు వ్రాయబడినది. చదువుటకు బాగుగనేయున్నది.

పరదేశములలో ఎట్లున్నదో కొంచెము చూతము. అమెరికాలో అడవినిప్పు ఆర్పబోవువాడు ముందుగా పాఠములు చదివి పరీక్షలో నెగ్గి ఒక కార్డు పొందవలెను. దానిని ఎఱ్ఱకార్డని పిలుతురు. కష్టమైన పనికి పోవువాడు 45 పౌనుల బరువు, అనగా మన లెక్కకు ఇంచుమించు 20 కిలోలు, మోసికొని 45 నిముషములలో 3 మైళ్ళు నడిచి చూపవలెను. ముందుగా కాల్చు పనికైతే దానికొక దహననాయకుడు వేరుగా నుండును. గాలి ఎంత వేగముతో వీచినపుడు, గడ్డి ఎంత పొడిగా నున్నపుడు కాల్చవలెనో ముందే కాగితముమీద వ్రాసికొని, ఆ లెక్క తప్పినచో ఆ దినమున నిప్పు పుల్ల గీయరాదు. ఫ్లోరిడా రాష్ట్రమువారు 1990లో ఒక చట్టము చేసి, శిక్షణపొంది పత్రము పుచ్చుకొన్న రైతుకైనను, భూస్వామికైనను నియమప్రకారము కాల్చు హక్కు కలదని ఒప్పుకొనిరి. అంటించు హక్కును పూర్తిగా తీసివేయక, నేర్చినవానికి ఇచ్చుట అక్కడి పద్ధతి.

అక్కడ తప్పులు జరుగవని నేను చెప్పను. 2022 ఏప్రిలులో న్యూమెక్సికో రాష్ట్రమున అడవిశాఖవారే నియమప్రకారము పెట్టిన నిప్పు గాలికి హద్దుమీరి, మరియొక మంటతో కలిసి 3,41,000 ఎకరములు కాల్చినది. ఎందరో పల్లెవారి ఇండ్లు బూడిదయైనవి. పత్రములు, కార్డులు, కొలతలు అన్నియునుండగనే అది జరిగినది. ఐతే తరువాత జరిగినదానిని మన పెద్దలు గుర్తింపవలెను. దేశమంతట అట్టి దహనములను 90 దినములు నిలిపి తమ పద్ధతులను పరీక్షించుకొనిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో, నిప్పు సర్కారుది గనుక నష్టమును సర్కారే తీర్చవలెనని ప్రత్యేకచట్టము చేసిరి. సొమ్ము చేరుటలో ఆలస్యమైనదని అక్కడివారు సణిగిరి. సణుగుడులేని సర్కారు ఎక్కడను లేదు. కాని “మా చేతినిప్పు, మా అప్పు” అని కాగితముమీద వ్రాసి ముద్రవేసిరి. కౌటిల్యునియొద్దను, 1927నాటి పుస్తకమునందును నేను వెదకి కానని మాట అది.

మన అడవులకు ఆ కార్డుల పద్ధతిని ఉన్నదున్నట్లు తెమ్మని నా అభిప్రాయము కాదు. ఇంగ్లీషు పరీక్షలో నెగ్గినవాడే నిప్పార్పవలెనన్నచో రేపు చెంచువాడు గడపయావల నిలువవలసివచ్చును, పుస్తకము చదివిన పట్టణపు కుఱ్ఱవాడు ముందునిలిచి ఎదురునిప్పు పెట్టవలసివచ్చును. ఆ ఆపదయు చిన్నది కాదు. పొగరంగు చూచి చెప్పగల విద్యకు పరీక్షాపత్రము లేదు గనుక అది విద్యయే కాదనుట మన పాఠశాలలవారి పాతజబ్బు. నేనును ఆ జబ్బుతోనే ముప్పదియేండ్లు బడి నడిపితిని. చెంచుపెద్దను దహననాయకుడని పేరుపెట్టి, అతని పేరు రేంజరు పుస్తకములో వ్రాసి, చలికాలపు కాల్పు ఎప్పుడు చేయవలెనో అతనిని అడిగి, వేసవికి చెప్పులును నీటితిత్తియు జీతమును ఇచ్చి, గాయపడినచో ఇంటికి భరణము వ్రాసియిచ్చుటకు కొత్తశాస్త్రము అక్కరలేదు. దానికి వలసినది ఒక్క ఉత్తరువు.

మా తీరపు సరుగుడుతోటల సంగతియు అట్లే. తోట అడవిశాఖది, లేదా పంచాయతీది, లేదా రైతుది. దానిప్రక్క జాలరిపాలెము. రాలిన సూదులను ఎవరు ఊడ్చుకొనవచ్చును? మునుపు పొయ్యిలోనికి ఆడువారు ఊడ్చుకొని పోయెడివారు, తోటక్రింద నేల అద్దమువలె నుండెడిది. కొన్నిచోట్ల అది దొంగతనమని అడ్డగించిరి. గ్యాసుపొయ్యిలు వచ్చిన పిమ్మట ఊడ్చువారే తగ్గిరి. నేడు ఆ రాలు పేరుకొని యున్నది. వేసవిలో ఒక్క బీడిముక్క చాలును. నిప్పు లేచినపుడు పాలెమువారే పరుగెత్తవలెను. రేపల్లెనుండి అగ్నిమాపకశకటము ఇసుకలో దిగబడక తోటలోనికి రాజాలదు. వరికోతల తరువాత పొలములలో కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టుటకైనను గాలి చూచి పొరుగువానికి చెప్పి పెట్టుట మన పెద్దల నాటి మర్యాద. ఆ మర్యాద ఏ చట్టములోను లేదు, ఉండినంతకాలము చాల కొంపలను కాపాడినది.

మొదట చెప్పిన ఐదవ ఇంటి కథ ముగించలేదు. ఆ సాయంకాలము ఆ వృద్ధుడు మారుపలుకలేదని చెప్పితిని గదా. మరునాడు తెల్లవారకముందే అతడు తన తాడితోపుకు పోయి ఆకు కొట్టించెను. దానిని చూచి మిగిలిన ముప్పదియిండ్లవారును తలాకొన్ని ఆకులు తెచ్చి ఆ ఇంటిముందు పడవేసిరి. వెదుళ్ళు ఒకరు, తాళ్ళు ఒకరు. కప్పువేయు కూలి ఎవరును పుచ్చుకొనలేదు. మూడవనాటికి ఐదవ ఇంటికి కప్పు లేచినది, అంతకుమునుపటికంటె దళసరిగా. కాలిన నాలుగిండ్లు వాని తరువాతనే లేచినవి. ముందు ఎవరిది కప్పవలెనన్న తగవు వచ్చినపుడు, కాలినది దైవము చేసినపని, పీకినది మనము చేసినపని, మనపని ముందు తీర్చుకొందమని ఆ వృద్ధుడు చెప్పెనట. యజమానుడు అతనితో కొన్నాళ్ళు మాటాడలేదు. ఆ మరుసటి వేసవిలో కొక్కెములు దాచియుంచు చోటు మాత్రము అతని ఇంటి వసారాయే యైనది.